దారుల్‌షిఫా పాత దవాఖానా, ఆవరణలో మసీదు: చూసినవాళ్లు చెప్పండి

కర్నూలు కుర్రోడు
వచ్చే నెల హైదరాబాద్ వస్తాండా. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం ఇంతకుముందే చూసినా. ఈసారి దారుల్‌షిఫాలో కులీ కుతుబ్‌షా కట్టించిన దవాఖానా చూడాలని. 1595లో కట్టినారంట, అంటే చార్మినార్ లేచిన నాలుగేండ్లకే. గోడలు ఏమన్నా నిలబడినాయా? ఆ ఆవరణలో ఉండే మసీదులోకి బయటోళ్లను రానిస్తారా? ఫొటోలు తీస్తే ఎవురన్నా ఏమన్నా అంటారా? మూసీ వరదలో జనాన్ని కాపాడిన చింతచెట్టు గూడా ఆ దవాఖానాలోదే అని యాడనో చదివినా. అన్నీ ఒక పూటలో అయిపోతాయి గదా?

గౌలిగూడ బిడ్డ
తమ్మీ, చింతచెట్టు దారుల్‌షిఫాల లేదు. ఉస్మానియా దవాఖానాల ఉన్నది. దారుల్‌షిఫా మూసీకి ఆ దిక్కు, ఉస్మానియా ఈ దిక్కు. నయాపూల్ దాటాలె. నడిచిపోవచ్చు గానీ ఆ ట్రాఫిక్‌ల నడిచినోనికే తెలుస్తది.

డల్లాస్ రమణి
ఆ చెట్టు మాట వింటేనే కళ్లు చెమరుస్తాయండీ. మా నాయనమ్మ చెప్పేది. 1908 వరదలో ఏడో నిజాం కట్టించిన ఉస్మానియా ఆసుపత్రి చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారట. ఎంత ముందుచూపున్న రాజండీ! ఇప్పటి నాయకులకు ఒక్క డ్రైనేజీ కట్టడం చేతకావడం లేదు.

పాత కాగితాలు
రమణిగారూ, వరద 1908 సెప్టెంబరు 28న. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కింది 1911లో. ఆయన ఆసుపత్రి చెట్టెక్కి జనం 1908లో ఎలా బతికారు? వరదనాడు అక్కడ ఉన్నది అఫ్జల్‌గంజ్ దవాఖానా. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో, 1866లో మొదలైంది. వరదప్పుడు రాజ్యం చేస్తున్నది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. ఈ ఊరి పాత రికార్డులతో ముప్పై ఏళ్ల సావాసం నాది. ఫోన్లలో తిరిగే కథలు నమ్మి రాయకండి.

డల్లాస్ రమణి
కథలు కాదండీ. మా నాయనమ్మ వాళ్లది బేగంబజార్, ఆవిడకి తెలియదంటారా? మీరు కాగితాలు చదివారు, ఆవిడ అక్కడ బతికింది.

పాత కాగితాలు
బేగంబజార్‌లో బతికినా 1908 తరవాతే కదండీ 1911 వచ్చేది.

గౌలిగూడ బిడ్డ
😂

షేక్ భాయ్ పత్థర్‌గట్టి
చెట్టు గురించి కొట్లాడుకునుడు బంద్ చేయుండ్రి. పోరడు అడిగింది దారుల్‌షిఫా. నేను చిన్నప్పటి నుంచి అదే గల్లీలల్ల తిరిగిన. కుతుబ్‌షాహీల కాలంల అది రెండంతస్తుల బిల్డింగు, నడుమ పెద్ద మైదానం, చుట్టూ గదులు. రోగులకు మందులు మాత్రమే కాదు, యునానీ చదువు గూడా ఆడనే. గిప్పుడు దవాఖానా లేదు. నిజాముల కాలంలనే మూతపడ్డది. కమాన్లు కొన్ని కనపడ్తయి, వాటికి ఆనుకొని ఇండ్లు, దుకాండ్లు. మసీదు మాత్రం నడుస్తున్నది, నమాజు అయితున్నది. అదే ఆవరణల సర్తౌఖ్ ముబారక్ ఆషుర్‌ఖానా, అంటే మొహర్రంల అలంలు (పీర్లు) నిలబెట్టే జాగ, గూడా ఉన్నది. కర్బలా తర్వాత ఇమాం జైనుల్ ఆబిదీన్ మెడకు వేసిన ఇనుప కంటె ముక్క ఆ అలంల ఉన్నదని షియాల నమ్మకం. గందుకే మొహర్రంల ఆడ కాలు పెట్ట జాగ ఉండది.

సున్నం ఇటుక
రిటైర్డ్ సివిల్ ఇంజినీర్‌ని. అందరూ చెట్టు, అలం అంటున్నారు, కట్టడం సంగతి ఒక్కరూ పట్టించుకోరు. ఆ కమాన్లు నాలుగు వందల ఏళ్లు నిలిచాయంటే కారణం సున్నం. సున్నపు గోడ ఊపిరి పీల్చుకుంటుంది, లోపలి తేమ బయటికి పోతుంది. అద్దెకుండేవాళ్లు దాని మీద సిమెంటు పూసి ఆయిల్ పెయింట్ వేస్తారు. తేమ లోపలే ఉండిపోయి ఇటుక పొడై రాలుతుంది. అప్పుడు ‘పాత గోడ, పడిపోతోంది, కొట్టేయండి’ అంటారు. ఉస్మానియా పాత బిల్డింగుకి జరిగిందీ ఇదే. పైన రావి మొక్కలు మొలిస్తే ఏళ్ల తరబడి పీకే దిక్కు లేదు, తరవాత బిల్డింగు పనికిరాదన్నారు.

వార్డు అక్క
ఇంజినీరు సారూ, బిల్డింగు అందం బయటినుంచి చూసేటోళ్లకు. నేను సర్కారీ దవాఖానాలల్ల నర్సుగ చేసి రిటైర్ అయిన. 2020 జూలైల ఉస్మానియా పాత బిల్డింగు వార్డులల్లకు వాన నీళ్లు, మోరీ నీళ్లు వచ్చినయి. టీవీల చూడలేదా? మంచాల కింద మోకాళ్లకాడికి నీళ్లు. ఆ నెలలనే పేషెంట్లను తీసి తాళం ఏసిండ్రు. మీకు గుమ్మటం కావాలె, మాకు ఆక్సిజన్ పైపు, లిఫ్టు కావాలె. ఒక్కో మంచం మీద ఇద్దరు పండిన రోజులు నేను చూసిన.

సున్నం ఇటుక
అమ్మా, నీళ్లు వచ్చింది గుమ్మటంలోంచి కాదు, మోరీలోంచి. మోరీ బాగు చేస్తే పోయేదానికి గుమ్మటాన్ని కొట్టమంటారా? 2015లోనే కూల్చి టవర్లు కడతామన్నారు. జనం గోల చేశారు కాబట్టి ఆగింది. ఒక కమిటీ నిలబెట్టొచ్చంటుంది, ఇంకో కమిటీ కాదంటుంది. విన్సెంట్ ఎష్ గీసిన కట్టడం అది. హైకోర్టు, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషన్ కూడా ఆయన చేతివే. వాటిలో దేన్నైనా కొట్టేస్తామంటే ఊరుకుంటారా?

వార్డు అక్క
కాచిగూడ స్టేషన్ల ఎవ్వరూ ఆపరేషన్ చేయించుకోరు సార్.

గౌలిగూడ బిడ్డ
అక్కా సూపర్. ఇంకెందుకు లొల్లి, కొత్త దవాఖానా గోషామహల్ స్టేడియంల కడ్తున్నరు కదా, 2025 జనవరి 31న శంకుస్థాపన అయింది. పాతది పాతదే ఉంటది, కొత్తది కొత్తదే ఉంటది.

ధూల్‌పేట రాజు
గోషామహల్ అంటే మా గ్రౌండు పోయినట్టే గదన్నా! పొద్దుగాల వాకింగ్‌కు యాడికి పోవాలె మేము? ఆ మాట ఎవ్వరు మాట్లాడరు.

మత్తు డాక్టరు
అఫ్జల్‌గంజ్ దవాఖానా పేరెత్తారు కాబట్టి ఆగలేకపోతున్నాను. మా అనస్థీషియా వాళ్లకు ఆ పేరు తీర్థం లాంటిది. హైదరాబాద్ మెడికల్ స్కూల్ 1846లో పుట్టింది, చదువంతా ఉర్దూలో. దాని ప్రిన్సిపాల్‌గా వచ్చిన బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఆపరేషన్‌కు ముందిచ్చే మత్తుమందు క్లోరోఫామ్ మీద పంతం పట్టాడు. మందు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరి, గుండె కాదు, కాబట్టి ఊపిరిని చూసుకుంటే చాలు అని ఆయన వాదం. అది తేల్చడానికి 1888లో ఒక కమిషన్, 1889లో రెండోది, ఖర్చు నిజాం సర్కారుది. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు, లారీ మాట ఒప్పుకునే వెళ్లాడు. ఇక రూపాబాయి ఫర్దూంజీ. మన దేశంలో తొలి మహిళా అనస్థటిస్ట్, ఈ స్కూల్లోనే చదివింది. ఆవిడ పేరు మీద ఊళ్లో ఒక్క రోడ్డైనా ఉందా?

పాత కాగితాలు
డాక్టరుగారూ, లారీ వాదం తరవాత తప్పని తేలింది కదా. అది కూడా చెప్పండి.

మత్తు డాక్టరు
చెప్పేలోపే అందుకున్నారు. 1911లో లండన్‌లో లెవీ అనే ఆయన తేల్చాడు. క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఉన్నపళంగా ఆగిపోవచ్చని. అయినా లారీ చెప్పిన ‘ఊపిరి మీద కన్ను పెట్టు’ అన్నది ఇవాళ్టికీ మా పిల్లలకు మొదటి పాఠమే. మీరు రికార్డులు చూస్తారు సరే, థియేటర్లో పేషెంటు నీలంగా మారుతుంటే నిలబడ్డారా ఎప్పుడైనా?

పాత కాగితాలు
నిలబడలేదు. నిలబడినవాళ్లందరూ చరిత్ర రాయగలరని కూడా నేను అనుకోను.

షేక్ భాయ్ పత్థర్‌గట్టి
అరె భాయ్, పోరడు దారుల్‌షిఫా అడిగిండు!

డల్లాస్ రమణి
అసలు వరద ఎలా తగ్గిందో ఎవరూ చెప్పరేం? మహబూబ్ పాషా, అదే ఆ ఆరో నిజాం, మూసీ ఒడ్డుకొచ్చి నదికి చీర, పసుపు కుంకుమ సమర్పించి హారతిచ్చాడు. అప్పుడు శాంతించింది. అదండీ ఈ ఊరి మతసామరస్యం.

పాత కాగితాలు
నదిని శాంతింపజేసింది వాన ఆగడం. మళ్లీ రాకుండా చేసింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన నివేదిక, దాని ప్రకారం కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఊళ్లో పదిహేను వేల మంది పోయారని లెక్కలు చెబుతున్నాయి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆ ఇంటికి చీర కథ చెప్పండి చూద్దాం.

గౌలిగూడ బిడ్డ
అన్నా, గట్ల కోపమెందుకు? ఆమె నమ్మకం ఆమెది. ప్రతి సెప్టెంబరు 28కి ఆ చింతచెట్టు కింద జమై సచ్చిపోయినోళ్లను యాది చేసుకుంటరు, నేను గూడా పోయిన. ఆడ హిందువులు, ముస్లిములు, పార్టీలోళ్లు అందరొస్తరు. ఒకాయన చీర కథ చెప్పిండు, ఇంకొకాయన డ్యాముల కథ చెప్పిండు. ఎవ్వరు కొట్టుకోలే.

డల్లాస్ రమణి
థాంక్యూ తమ్ముడూ. కొందరికి పుస్తకం తప్ప మనుషులు కనబడరు.

సున్నం ఇటుక
1908లో నయాపూల్, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన, మూడూ దెబ్బతిన్నాయి. 1578లో కట్టిన పురానాపూల్ నిలబడింది. ఎందుకో అడగండి, చెబుతాను.

(ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నా: బరువైన రాతి స్తంభాలు, వంగిన కమాన్లు, నీరు కోసుకుపోకుండా ముందువైపు మొనదేలిన కట్టుబడి.)

మల్కాజ్‌గిరి మెట్రో
ఎవరికీ గుర్తు లేదేమో, ఇప్పుడు దారుల్‌షిఫాకు అసలు ముప్పు మెట్రో. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్టాండు) నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల లైను దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్లా మీదుగా వెళ్తుంది. రోడ్డు వెడల్పుకి ఇళ్లు కొట్టడం 2025 జనవరిలోనే మొదలైంది. మసీదులు, ఆషుర్‌ఖానాలు, గుళ్లు ముట్టుకోం అన్నారు. పిల్లర్లు పడ్డాక ఆ కమాన్ల ముందు ఆకాశం ఎంత మిగులుతుందో చూడాలి. కుర్రోడా, తొందరగా వచ్చి చూసుకో.

షేక్ భాయ్ పత్థర్‌గట్టి
మెట్రో రావాలె భాయ్. పాతబస్తీకి ఒక్క మంచి పని చేస్తమంటే అందరికీ అప్పుడే చరిత్ర యాదికొస్తది. హైటెక్ సిటీల బండలు పేల్చినప్పుడు ఎవ్వరికి యాదికి రాలే. మా ఇంటిముందు పావు వంతు పోయింది, చెక్కు తీసుకున్న, బాధ లేదు. గానీ పదో మొహర్రం నాడు బీబీ కా అలం ఏనుగు మీద డబీర్‌పురా నుంచి చార్మినార్, మీరాలం మండీ, దారుల్‌షిఫా మీదికెళ్లి చాదర్‌ఘాట్‌కు పోతది. పిల్లర్ల నడుమల నుంచి ఏనుగు ఎట్ల పోతదో ముందే కొలుచుకోవాలె.

ధూల్‌పేట రాజు
గణేశ్ విగ్రహాలకు గూడా అదే పంచాయితీ అన్నా. ఎత్తు తగ్గించమంటరు.

షేక్ భాయ్ పత్థర్‌గట్టి
చూసినవా, మన కష్టం ఒక్కటే.

కర్నూలు కుర్రోడు
అన్నలూ, అక్కలూ, చాలా తెలిసింది. మసీదులోకి పోవచ్చా లేదా అనేది మాత్రం...

షేక్ భాయ్ పత్థర్‌గట్టి
నమాజు టైం తప్పించి పో. శుక్రవారం మధ్యాహ్నం వద్దు. చెప్పులు బయట ఇడిచి, ఎవరన్నా పెద్దమనిషిని సలాం చేసి అడుగు, కాదనరు. ఫొటో తీసే ముందు గూడా అడుగు, ముఖ్యంగా ఇండ్లల్ల ఆడోళ్లు కనపడ్తుంటరు. మొహర్రం మొదటి పది రోజులల్ల కెమెరా పట్టుకొని తిరగకు, అది వాళ్లకు దుఃఖం. నల్లబట్టలు ఏసుకొని సబీల్ (ఊరికే షర్బత్ పోసే పందిరి) కాడ షర్బత్ తాగు, ఎవ్వరు పరాయోనిగ చూడరు.

పాత కాగితాలు
అక్కడికెళ్తే చార్మినార్ పక్కన నిజామియా యునానీ దవాఖానా కూడా చూడు బాబూ, మక్కా మసీదు దగ్గరే. దవాఖానా, మసీదు ఒకచోట చూడాలనుకునేవాడికి అదొక్కటే ఇంకా మందులిచ్చేది. అన్నట్టు ప్లేగు తగ్గినందుకే చార్మినార్ కట్టారని గైడు చెబుతాడు. హిజ్రీ వెయ్యో సంవత్సరం 1591లో మొదలైంది, దాని గుర్తుగా కట్టారన్న మాటా ఉంది, అది గుర్తు పెట్టుకుని విను.

మత్తు డాక్టరు
ప్లేగు విషయంలో మీతో ఏకీభవించను. అంటురోగాలు లేని ఊళ్లో నాలుగేళ్లకే అంత పెద్ద దవాఖానా ఎందుకు కడతారు?

పాత కాగితాలు
కొత్త రాజధానికి దవాఖానా అవసరం కాదా? ఈ ఊరికి నమూనా వేసిన కుతుబ్‌షా మంత్రి మీర్ మోమిన్ ఇరాన్ నుంచి వచ్చినవాడు. ప్లేగుకి ఆధారం చూపించండి.

మత్తు డాక్టరు
లేదనడానికి మీరు చూపించండి.

వార్డు అక్క
ఇగో, మళ్ల మొదలు పెట్టిండ్రు.

గౌలిగూడ బిడ్డ
వాళ్లను కొట్లాడనియ్యుండ్రి. తమ్మీ, మా గౌలిగూడ దిక్కు వస్తే పాత బస్టాండు హ్యాంగర్ చూపిద్దామనుకున్న, గానీ 2018లనే కూలిపోయింది. నిజాం కాలం లోహపు షెడ్డు, ఎన్ని బస్సులు ఎక్కినమో దాని కింద.

సున్నం ఇటుక
అది కూలింది తుప్పు వల్ల. ఏటా రంగు వేసుంటే ఇంకో యాభై ఏళ్లు...

ధూల్‌పేట రాజు
సార్, రంగుకు పైసలు ఎవలిస్తరు?