కాంపౌండ్ బౌ స్టెబిలైజర్: చుక్క కిందికి జారుతోంది, బుడగ ఎడమకి పోతోంది. ముందు ఏది సరిచెయ్యాలి?

ఒంగోలు_కోచ్

అన్నలకి నమస్కారం. మా దగ్గర నేర్చుకునే పదహారేళ్ల అమ్మాయి బౌ గురించి అడుగుతున్నా. కుడిచేతి షూటర్. బౌ యాక్సిల్ నుంచి యాక్సిల్‌కి 37 అంగుళాలు, లాగే బరువు 46 పౌండ్లు, డ్రా లెంత్ (స్ట్రింగు వెనక్కి లాగే దూరం) 27 అంగుళాలు. స్టెబిలైజర్లు, అంటే బౌ ఊగకుండా బిగించే రాడ్లు ఇవీ: ముందుకి లాంగ్ రాడ్ 28 అంగుళాలు, కొన మీద 3 ఔన్సులు. వెనక రాడ్ ఒక్కటే, ఎడమవైపు, 12 అంగుళాలు, దాని మీద 5 ఔన్సులు, బయటికి 15 డిగ్రీలు తిప్పి ఉంది. బౌతో పాటు సైటు, స్కోపు, రాడ్లు అన్నీ కలిపి కాటా మీద 3.1 కిలోలు.

ఇబ్బంది రెండు రకాలుగా ఉంది. యాంకర్‌కి (పూర్తిగా లాగి చెయ్యి దవడ దగ్గర ఆనించే చోటుకి) వచ్చిన నాలుగైదు సెకన్లకి స్కోపులోని గురి చుక్క టార్గెట్ మధ్య పసుపులోంచి కిందికి జారుతుంది, ఎత్తుకుంటుంది, మళ్లీ జారుతుంది. 50 మీటర్ల మీద గ్రూపు 6 గంటల దిక్కున 8 పాయింట్ల వలయంలో పడుతోంది. రెండోది, లాగిన ప్రతిసారీ స్కోపులోని రసమట్టం బుడగ ఎడమ గీత దాటి సగం బయటికి పోతుంది. మణికట్టు తిప్పి మధ్యకి తెచ్చుకుంటోంది. ఆ మెలి బాణం వదిలినాక బయటపడుతోంది.

వెనక కలపమని ఒకరు, ముందు తియ్యమని ఒకరు చెబుతున్నారు. ఇంకొకాయన జ్యోతి సురేఖ బౌ ఫొటో పంపి అట్టానే బిగించమన్నారు. ఏది ముందు పట్టుకోవాలి?

కావలి_రైజర్

ఆ ఫొటో పక్కన పెట్టండి కోచ్ గారూ. ఫొటోలో బరువు డిస్కులు ఎన్నో లెక్కపెట్టుకోవచ్చు గానీ రాడ్ సొంత బరువు, లెటాఫ్ (పూర్తిగా లాగినాక చేతి మీద తగ్గే బరువు), ఆమె భుజం బలం కనపడవు. 46 పౌండ్ల బౌకి 75 శాతం లెటాఫ్ ఉంటే లాగి పట్టుకున్నప్పుడు చేతిలో మిగిలేది 11.5 పౌండ్లు. 65 శాతమైతే 16 పైనే. ఆ తేడాకే చుక్క నడత మారిపోతుంది, ఒక్క ఔన్సు కూడా కదపకుండా.

బరువుల జోలికి పోకముందు బుడగ నిజం చెబుతోందో లేదో చూడండి. బౌని వైస్‌లో గానీ స్టాండులో గానీ బిగించి, పక్కన మేస్త్రీలు గోడకి పట్టే తూకం గుండు వేలాడదీయండి. స్ట్రింగు ఆ దారంతో కలిసి నిలబడినప్పుడు స్కోపు బుడగ నడిమధ్యలో ఉండాలి. లేకపోతే సైటు మీద సెకండ్ యాక్సిస్ (స్కోపుని పక్కలకి వంచే) స్క్రూతో సరిచెయ్యండి. ఇది తప్పుగా ఉండి వెనక రాడ్ తిప్పితే, తప్పు బుడగకి సరిపోయేట్టు బౌని వంకరగా నేర్పినట్టు. థర్డ్ యాక్సిస్ (ఎత్తుకీ పల్లానికీ గురి పెట్టేటప్పుడు బుడగ తప్పకుండా చేసే సర్దుబాటు) కూడా చూసుకోవాలి, కాకపోతే చదును నేల మీద 50 మీటర్లకి దాని బాధ తక్కువ.

అది అయినాక కళ్లు మూసి చూసే పరీక్ష. బట్‌కి (బాణాలు గుచ్చుకునే దిమ్మకి) మూడు మీటర్ల దూరంలో నిలబెట్టండి. బాణం తప్పకుండా ఎక్కించాలి. ఖాళీ స్ట్రింగు పొరపాటున జారితే లింబులు (బౌ వంగే చేతులు), క్యాములు (చివరల చక్రాలు) పోతాయి. రిలీజు (స్ట్రింగు వదిలే పరికరం) మీద వేలు పెట్టనివ్వకండి. కళ్లు మూసుకుని లాగి, యాంకర్‌కి వచ్చి, రెండుసార్లు ఊపిరి తీసి, అప్పుడు కళ్లు తెరిచి బుడగ ఎక్కడుందో చెప్పమనండి. చెప్పి, వదలకుండా దించెయ్యాలి. నాలుగు సార్లకి ఒకసారి కూర్చోబెడుతూ పది సార్లు. ఏడెనిమిది సార్లు ఒకే వైపు చూపిస్తేనే అది బౌ తూకం తప్పు. అటూ ఇటూ మారుతుంటే తప్పు గ్రిప్పులో ఉంది, చెయ్యి రోజుకో తీరున పెడుతోందని అర్థం.

బుడగ ఎప్పుడూ ఎత్తుగా ఉన్న వైపుకే పోతుంది, రసమట్టంలో లాగానే. ఎడమకి పోయిందంటే బౌ తల కుడికి ఒరిగింది. కుడిచేతి బౌకి సైటు బరువు కుడివైపే పడుతుంది గనక ఇది మామూలే. దాన్ని లాగి నిలబెట్టేదే ఎడమ వెనక రాడ్. మీది 15 డిగ్రీలే ఉంది, చాలదు. 30కి తిప్పి చూడండి.

సింహపురి_విలుకాడు

కావలి అన్న బుడగ సంగతి సరిగ్గా చెప్పారు. కానీ వరస నేను ఒప్పుకోను. ముందు చుక్క, తర్వాతే బుడగ. ఎందుకో లెక్క వేసి చూపిస్తా.

బరువుని దూరంతో గుణించండి. ముందు 28 అంగుళాలు × 3 ఔన్సులు = 84. వెనక 12 × 5 = 60, కానీ రాడ్ బయటికి తిరిగి ఉంది గనక ఆ 60 పూర్తిగా వెనక్కి లాగదు. 15 డిగ్రీల మీద వెనక్కి 58, ఎడమకి 15.5. కోచ్ గారు రాడ్‌ని 30కి తిప్పారనుకోండి. ఎడమకి 30 అవుతుంది, బుడగ మధ్యకి వస్తుంది. కానీ వెనక్కి లాగేది 52కి పడిపోతుంది. అంటే చుక్క ఇంకా ఎక్కువ జారుతుంది. దానికని వెనక 2 ఔన్సులు కలిపితే వెనక్కి 73 వస్తుంది, ఎడమకి 42 అయిపోతుంది. ఇప్పుడు బుడగ కుడికి పరిగెడుతుంది. రాడ్‌ని మళ్లీ 22 డిగ్రీల దాకా లోపలికి తేవాలి. ఇట్టా ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతూ వారం గడుస్తుంది.

అందుకని ముందు వెనకల బరువు తేల్చుకున్నాక, చివర్లో రాడ్ కోణంతో బుడగని తేల్చండి. కోణం కొంచెం మారితే చుక్క మీద పడే దెబ్బ తక్కువ, బరువు మారితే రెండూ కదులుతాయి.

(రాడ్ల సొంత బరువు ఈ లెక్కలో లేదు. అది సుమారు రాడ్ నడిమధ్యలో ఉన్నట్టు పనిచేస్తుంది. కాబట్టి ఈ అంకెలు పోల్చుకోవడానికి మాత్రమే. ముందూ వెనకా సమానం చెయ్యాలని కూర్చోవద్దు.)

ఇక చుక్క జారడం. రెండు దారులు. ఒకటి, వెనక 2 ఔన్సులు కలపడం. మొత్తం 3 + 7 = 10 ఔన్సులు. రెండు, ముందు 1 ఔన్సు తియ్యడం. మొత్తం 2 + 5 = 7. ముందు తీసిన ఒక్క ఔన్సు 28 పాయింట్లు తగ్గిస్తుంది. వెనక కలిపి అంత తేవాలంటే రెండున్నర ఔన్సులు కావాలి. రెండు దారులకీ మధ్య 3 ఔన్సులు, అంటే 85 గ్రాములు తేడా. 72 బాణాల ర్యాంకింగ్ రౌండులో అన్నిసార్లూ ఎత్తాలి గదా. పదహారేళ్ల అమ్మాయికి నేనైతే రెండో దారే చెబుతా.

జారడం ఎప్పుడు మొదలవుతోందో రాసి పెట్టండి. మొదటి ఎండ్ (ఒక విడత బాణాలు) నుంచే ఉంటే తూకం. ఎనిమిదో తొమ్మిదో ఎండ్ దాకా బాగుండి తర్వాత జారుతుంటే అది మొత్తం బరువు ఎక్కువై భుజం దిగడం. దానికి వెనక బరువు కలిపితే జబ్బు ముదురుతుంది.

కావలి_రైజర్

లెక్క బాగుంది తమ్ముడూ, వరస విషయంలో నీ మాటే ఒప్పుకుంటా. కానీ ముందు బరువు తియ్యడం అంత తేలిగ్గా చెప్పకు. లాంగ్ రాడ్ కొన మీద బరువు పైకీ కిందికీ మాత్రమే కాదు, పక్కలకి ఊగకుండా కూడా పట్టి ఉంచుతుంది. అది తగ్గితే చుక్క జారడం ఆగి, ఎడమా కుడీ వణకడం మొదలవుతుంది. ముందు ఒకేసారి 1 ఔన్సు కాదు, అర ఔన్సు తియ్యాలి. ముందు అర ఔన్సు వెనక ఔన్సు పైచిలుకుకి సమానం, నీ లెక్క ప్రకారమే.

కోచ్ గారూ, చుక్క నడత ఇట్టా చదవండి. కిందికి జారి ఎత్తుకుంటుంటే ముందు ఎక్కువ. పైకి తేలుతూ, వదిలినాక బౌ ముక్కు పైకి ఎగిరితే వెనక ఎక్కువ. చిన్నగా, వేగంగా వణుకుతుంటే మొత్తం మీద బరువు చాలట్లేదు, ముందు అర వెనక ఒకటి కలపండి. పెద్ద పెద్దగా, నిదానంగా తిరుగుతుంటే మొత్తం ఎక్కువైంది, లేదా డ్రా లెంత్ తప్పు. డ్రా లెంత్ పావు అంగుళం ఎక్కువున్నా ఎన్ని డిస్కులు మార్చినా చుక్క నిలవదు. అది ఒకసారి సరిచూడండి.

వేలి మీద బౌ ఆనించి ముందుకి ఒరిగిందా వెనక్కి ఒరిగిందా చూసే పద్ధతి కొన్నిచోట్ల చెబుతుంటారు, దాన్ని నమ్మవద్దు. లాగినప్పుడు బౌని రెండు చోట్ల నుంచి పట్టుకుని ఉంటాం, గ్రిప్పు దగ్గరా స్ట్రింగు దగ్గరా. వేలి మీది తూకం ఆ స్థితిని చూపించదు.

ఒంగోలు_కోచ్

చాలా ఉపయోగపడింది. చేసినవి చెబుతా. తూకం గుండుతో చూస్తే సెకండ్ యాక్సిస్ కొంచెం తప్పుంది, సరిచేశాం. అయినా కళ్లు మూసిన పరీక్షలో పదికి తొమ్మిది ఎడమే. జారడం మొదటి ఎండ్ నుంచే ఉంది. డ్రా లెంత్ సరిగ్గానే ఉంది.

ముందు 2.5, వెనక 5 పెట్టాం. జారడం సగానికి తగ్గింది. ముందు 2 చేస్తే జారడం పోయింది గానీ కావలి అన్న చెప్పినట్టే పక్కలకి వణుకు వచ్చింది. మళ్లీ 2.5 చేసి, వెనక 6 పెడితే చుక్క పసుపులో నిలబడుతోంది. రాడ్ 15 నుంచి 25 డిగ్రీలకి తిప్పితే బుడగ మధ్యకి వచ్చింది, పదికి ఎనిమిది సార్లు.

రెండు సందేహాలు. ఇదే ఖాయం చెయ్యొచ్చా, ఎన్ని బాణాలు చూడాలి? ఇంకోటి, డిస్కుల ఖరీదు ఎక్కువగా ఉంది, లేత్ మీద చేయించుకోవచ్చా?

సింహపురి_విలుకాడు

2.5 ముందు, 6 వెనక, 25 డిగ్రీలు అంటే ముందు 70, వెనక్కి 65, ఎడమకి 30. బుడగకి కావలసింది 30 దగ్గరే అని మొదటి లెక్కలోనూ వచ్చింది గదా, సరిపోయింది.

ఖాయం చెయ్యడానికి కనీసం రెండు రోజులు, రోజుకి 36 బాణాలు. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం చెయ్యండి. మన కోస్తాలో మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, పొద్దున నిలబడిన చుక్క అప్పుడు నిలబడకపోవచ్చు. గాలికి ముందు అర, వెనక ఒకటి కలిపిన రెండో సెట్టు తయారుగా పెట్టుకుని, దానికి కోణం ఎంతో ముందే గుర్తుపెట్టి ఉంచండి. లావు రాడ్డు గాలిని ఎక్కువ పడుతుంది, కొత్తది కొనేటప్పుడు సన్నదే చూడండి. కొన దగ్గర రబ్బరు డ్యాంపర్ ఉంటే గట్టిది వాడండి. రోహిణి కార్తె ఎండకి మెత్త రబ్బరు ఇంకా మెత్తబడి బరువుతో కిందికి వేలాడుతుంది.

స్కోరు ఒక్కటే చూడకండి. ప్రతి ఎండ్‌లో గ్రూపు ఎత్తు ఎంత, వెడల్పు ఎంత కొలిచి రాయండి. ముందు వెనకల తూకం ఎత్తులో కనపడుతుంది, బుడగ తప్పు వెడల్పులో కనపడుతుంది. బౌ కుడికి ఒరిగితే బాణం కుడికే పోతుంది.

చీమకుర్తి_లేత్

డిస్కుల సంగతి నేను చెబుతా. లేత్ మీద బ్రహ్మాండంగా చేయించుకోవచ్చు, కానీ మర దగ్గర చాలామంది దెబ్బ తింటారు. స్టెబిలైజర్ మర సాధారణంగా 5/16-24 (5/16 అంగుళం లావు, అంగుళానికి 24 చుట్లు). మీరు చెప్పకపోతే లేత్ అతను 8 మిల్లీమీటర్ల మామూలు బోల్టు మర కోసేస్తాడు, పిచ్ 1.25. ఇది ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, బలవంతం చేస్తే రాడ్ కొన మర చెడిపోతుంది. 1 పిచ్ ఉన్న 8 మిల్లీమీటర్లదైతే ఇంకా ప్రమాదం, లోపలికి పోతున్నట్టే ఉండి మరని కోస్తుంది. 24 మరలకి పిచ్ 1.058. కాబట్టి డిస్కుల్లో మర కోయించనే వద్దు. 8.5 మిల్లీమీటర్ల సాదా రంధ్రం పెట్టించి, 5/16-24 స్టడ్డు కొని, డిస్కులు దాని మీద గుచ్చి చివర అదే మర నట్టు బిగించండి. స్టడ్డు కనీసం ఆరు చుట్లు లోపలికి ఎక్కాలి.

కొలత: 32 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు రాడ్డు, మధ్యలో 8.5 రంధ్రం, మందం 4.8 మిల్లీమీటర్లు. బరువు సుమారు 28 గ్రాములు వస్తుంది, అంటే 1 ఔన్సు. అర ఔన్సు కావాలంటే మందం 2.4. 25 మిల్లీమీటర్ల రాడ్డే దొరికితే 1 ఔన్సుకి మందం 8.3. ముందు ఒకటి కోయించి వంటింటి డిజిటల్ కాటా మీద తూచి, అప్పుడు మిగతావి కోయించండి. అంచులు రాపించండి, లేకపోతే చేతులు కోసుకుంటాయి.

మైల్డ్ స్టీలు మన ఉప్పు గాలికి నెల రోజుల్లో తుప్పు పడుతుంది. పెయింటు వేస్తే డిస్కుల మధ్య మందం పెరిగి సరిగ్గా అంటుకోవు, పెయింటు రాలి వదులవుతాయి కూడా. పలచగా నూనె రాసి తుడవండి, లేదా నికెల్ ప్లేటింగు చేయించండి. స్టెయిన్‌లెస్ దొరికితే అదే మేలు.

కావలి_రైజర్

బిగింపు గురించి ఒక్క మాట. బాణం వదిలినాక బౌలో గరగర శబ్దం వస్తే నూటికి తొంభై వదులైన డిస్కే. డిస్కుల మధ్య పలచటి రబ్బరు వాషరు, స్టడ్డు మర మీద ప్లంబర్లు చుట్టే తెల్ల టేపు ఒక్క చుట్టు. త్రెడ్‌లాక్ వాడితే నీలం రంగుది వాడండి. ఎరుపుది వాడితే వేడి చేస్తే గానీ ఊడదు.

వెనక రాడ్ బ్రాకెట్టు ప్రయాణంలో తిరిగిపోతుంది, బస్సులో మరీను. కోణం ఖాయం అయినాక బ్రాకెట్టు అతుకు మీదుగా తెల్ల పెయింటు పెన్నుతో ఒక గీత గీయండి. రాడ్ కొన నుంచి స్ట్రింగుకి దూరం సెంటీమీటర్లలో కొలిచి, అమ్మాయి స్కోరు పుస్తకం అట్ట లోపల రాయించండి. పోటీ రోజు పొద్దున ఆ రెండూ సరిచూసుకుని, కళ్లు మూసిన పరీక్ష నాలుగు సార్లు చేస్తే చాలు. బౌని ఎండలో ఆపిన కారులో వదలకండి. స్ట్రింగు మైనం కరిగి సాగితే పీపు (స్ట్రింగులో కన్ను పెట్టి చూసే రంధ్రం) తిరుగుతుంది, అప్పుడు చుక్క జారేదానికి బరువులని తప్పు పడతారు.