సరోగసీకి తెలుగు మాట, ‘గర్భసంకర్షణాత్’ శ్లోకం చివరి పాదం

గోదారిగట్టు: భాగవతం దశమస్కంధంలో బలరాముడి పేర్ల గురించి విష్ణువు యోగమాయతో అనే శ్లోకం రెండ్రోజులుగా నోట్లో నానుతోంది. ‘గర్భసంకర్షణాత్ తం వై ప్రాహుః సంకర్షణం భువి, రామేతి లోకరమణాత్...’ ఆ పైన ‘బలభద్రం బలోచ్ఛ్రయాత్’ అనా, ‘బలం బలవదుచ్ఛ్రయాత్’ అనా? సరోగసీకి, అంటే మరో జంట బిడ్డను కడుపున మోసి కనివ్వడానికి, మాట వెతుకుతూ అక్కడ ఆగాను. ‘అద్దెగర్భం’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ‘గర్భసంకర్షణం’ అనొచ్చా?

యతిమైత్రి: రెండు పాఠాలూ ఉన్నాయండీ. రెండింటిలోనూ ఎనిమిదేసి అక్షరాలే, అయిదోది లఘువు, ఆరోది గురువు. ఛందస్సు తేల్చదు. నా ఓటు ‘బలవదుచ్ఛ్రయాత్’కే. ‘బలోచ్ఛ్రయాత్’ అనేది ‘బలభద్ర’ అలవాటై నోటికి సులువుగా వచ్చిన పాఠం.

నిఘంటుప్రియ: సులువు కాబట్టి తర్వాతిదని ఎలా అంటారు? వ్రాతప్రతి చూపండి.

పిండశాల: పాఠం సంగతి మీరు చూసుకోండి, ‘సంకర్షణం’ మాత్రం ఇక్కడ అతకదు. దేవకి కడుపులో నిలిచిన పిండాన్ని రోహిణికి మార్చడం అది. గర్భసంచి గోడకు అంటుకున్న పిండాన్ని పెకలిస్తే బతకదు. సరోగసీలో పిండం బిడ్డను కోరే జంటలోని స్త్రీ కడుపులోకి వెళ్లనే వెళ్లదు. ల్యాబ్‌లో అయిదు రోజులు పెంచి, మోసే ఆమె గర్భసంచి పొర ఈస్ట్రోజన్‌తో 7, 8 మిల్లీమీటర్లకు వచ్చాక, గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోను మొదలుపెట్టి, సన్నని గొట్టంతో లోపల వదులుతారు. ఇలా మందులతో సిద్ధం చేసిన నెలలో ఆమె అండాశయం నుంచి ప్రొజెస్టిరాన్ రాదు. మాయ (ప్లాసెంటా) ఆ పని అందుకునేదాకా, అంటే 10, 12 వారాలు, బయటినుంచి ఇవ్వాల్సిందే. ముందే ఆపితే గర్భం జారిపోవచ్చు.

గోదారిగట్టు: అయితే ‘అద్దె’ మాటేమిటి?

పిండశాల: తప్పే. 2021 సరోగసీ చట్టం ప్రకారం మోసే ఆమెకు వైద్యఖర్చుల్లాంటి నిర్ణీత ఖర్చులూ 36 నెలల బీమా తప్ప డబ్బు ముట్టకూడదు. ఆమెకు పెళ్లయి, సొంత బిడ్డ ఉండి, వయసు 25-35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే. తన అండం ఇవ్వకూడదు. అందుకే ‘గర్భదాత’ కూడా వద్దంటాను, అండదాతతో కలిసిపోతుంది.

యతిమైత్రి: ‘మారుతల్లి’?

నిఘంటుప్రియ: సవతితల్లి అవుతుందండీ! అసలు చిక్కు ‘కన్నతల్లి’ దగ్గరుంది. నొప్పులు పడి కన్నది మోసినామె. కాని మేజిస్ట్రేటు ముందుగానే ఇచ్చే ఉత్తర్వుతో జనన ధ్రువపత్రంలో పడేది జంట పేర్లు.

యతిమైత్రి: ‘కను’కి చూడడమనే అర్థమూ ఉంది కదా. పోతన ‘కనియెన్ రుక్మిణి’ అన్నది చూడడమే. బిడ్డ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసినామె కూడా కన్నతల్లే అవుతుంది.

నిఘంటుప్రియ: రెండు ‘కను’లూ ఒకే ధాతువని ముందు రుజువు చేయండి.

పిండశాల: నేను ‘మోసే తల్లి’ అంటాను. ఆమె ముందు పలకడానికి ఇబ్బంది లేని మాట.

యతిమైత్రి: ఒకే ధాతువనిపిస్తోందండీ. ‘కన్ను’ చూడండి.

నిఘంటుప్రియ: కన్ను నామవాచకం. అది సాక్ష్యం కాదు.