శకటు ఐమూలగా ఎందుకు నడుస్తుంది?

సభ్యులందరికీ నమస్కారం. ఆరో తరగతి చదువుతున్న మా అబ్బాయితో కలిసి, నలభై ఆరేళ్ళ వయసులో, రెండు నెలలుగా నేను చదరంగం నేర్చుకుంటున్నాను. వాడు ఫోనులో చూసి నేర్చుకున్నాడు కనుక రూక్, బిషప్, క్వీన్ అంటాడు. చిన్నప్పుడు మా వీధి అరుగు మీద పెద్దలు ఆడుతుండగా విన్న ఏనుగు, శకటు, మంత్రి అనే పేర్లతోనే నేను ఆట నేర్చుకుంటానని పట్టుబట్టాను. మొన్న వాడు ఒక ప్రశ్న వేశాడు: "నాన్నా, శకటం అంటే బండి కదా! బండి తిన్నగా పోతుంది గానీ, ఇలా మూలకు మూలగా ఎలా పోతుంది?" అప్పటికి జవాబు చెప్పలేకపోయాను. తరువాత తెలుసుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాను; తప్పులుంటే దిద్దవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా ఆట పేరు. చదరంగంలో చదరపు గళ్ళు ఉన్నాయి కనుక "చదరపు రంగం" చదరంగమైందని నాకు చాలామంది చెప్పారు. వినడానికి అందంగా ఉన్నా ఈ వ్యుత్పత్తి నిలవదు. సంస్కృతంలో ఇది చతురంగం, అంటే నాలుగు అంగాలున్న సేన. "హస్త్యశ్వరథపాదాతం సేనాంగం స్యాచ్చతుష్టయమ్" అన్న అమరకోశ పాదాన్ని మనలో కొందరైనా కంఠస్థం చేసి ఉంటారు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాలిబంట్లు అన్నవే ఆ నాలుగు అంగాలు. ఈ మాటే పారసీకంలో చత్రంగ్, అరబ్బీలో షత్రంజ్, కన్నడంలో చదురంగ అయింది. మన చదరంగమూ ఆ వరుసలోనిదే.

ఇప్పుడు మా అబ్బాయి ప్రశ్నకు వస్తాను. ఆ నాలుగు అంగాలలో రథం నిలిచిన చోటు బల్ల మూల, నడిచిన దారి తిన్ననిది. పారసీకులు మూలనున్న ఈ పావును రుఖ్ అన్నారు, అంటే రథం. ఇంగ్లీషు వారి రూక్ ఆ మాట నుంచే వచ్చింది. రాజుకూ మంత్రికీ పక్కన నిలిచి ఐమూలగా కదిలే పావు ఏనుగు. అరబ్బులు దానిని అల్ ఫీల్ అన్నారు, స్పెయిన్ వారు నేటికీ అల్ఫిల్ అనే అంటారు, రష్యనులు తమ భాషలో ఏనుగుకున్న మాటతోనే, స్లోన్ అని, పిలుస్తారు. మన పక్కనే ఉన్న మలయాళంలో ఈ పాత అమరిక చెక్కు చెదరలేదు: మూలనున్నది తేరు, ఐమూలగా నడిచేది ఆన. బెంగాలీలో మూల పావు నౌక అయినా, ఐమూలగా నడిచేది మాత్రం గజమే.

తెలుగులో ఈ రెండూ చోట్లు మార్చుకున్నాయి. ఏనుగు మూలకు వెళ్ళి తిన్నగా నడవడం మొదలుపెట్టింది; రథం ఏనుగు వదిలిన గడిలోకి వచ్చి, శకటు అన్న పేరుతో ఐమూల నడక పట్టింది. శకటు పాత రథమే అన్నది నా ఊహ, కానీ నాలుగు అంగాలలో ఇంకేదీ ఆ చోట మిగలనప్పుడు వేరే దారి నాకు కనబడలేదు. హిందీలో కూడా మూల పావు హాథీయే, అయితే రథం పేరు పూర్తిగా పోయి ఆ చోట ఒంటె నిలిచింది. కాబట్టి మా వాడి అనుమానం సరైనదే. బండి తిన్నగానే పోవాలి, పూర్వం తిన్నగానే పోయింది కూడా. పేర్లు తారుమారైనా నడకలు మాత్రం బల్లను వదలలేదు. ఇది చెప్పాక వాడు రెండు పావుల నడకలనూ మళ్ళీ మరిచిపోలేదు, వాడితో పాటు నేనూ మరిచిపోలేదు.

మంత్రి విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఈ పావును ఇప్పుడు మన పిల్లలు రాణి అంటున్నారు. పూర్వం అది రాజు పక్కనున్న సలహాదారు, ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. పదిహేనవ శతాబ్దం చివరలో యూరపులో దానికి ఎటైనా ఎంత దూరమైనా వెళ్ళే బలం వచ్చింది. ఐమూలగా ఒక గడి మీదుగా రెండో గడికి దూకడమే తెలిసిన నేటి శకటుకు పొడవైన నడక వచ్చింది కూడా ఆ మార్పులోనే. ఆ బలాన్ని మనం తీసుకున్నాం కానీ పాత పేరును వదులుకోలేదు. ఆ పేరు ఆటకు చక్కగా అతుకుతుంది కూడా. బంటు చివరి వరుస చేరితే మంత్రి అవుతాడని చెబితే, ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లవాడికి వెంటనే ఎక్కుతుంది. బంటు రాణి అవుతుందంటే మళ్ళీ ఒక వివరణ కావాలి. అయితే తమిళ మిత్రులతో ఆడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: వారిలో చాలామందికి మందిరి అంటే మన శకటు.

నేర్చుకునేటప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టినది మాత్రం రంగు. ప్రతి శకటూ మొదట నిలిచిన గడి రంగును ఆట ముగిసేదాకా వదలదు, అంటే 64 గళ్ళలో 32 మాత్రమే దానివి. ఈ సంగతి చెప్పబోయి నేను "నల్ల శకటు" అంటే, మా అబ్బాయి నల్లపావుల వారి శకటు అనుకున్నాడు. నేను చెప్పదలచినది నల్లగళ్ళ మీద తిరిగే తెల్లపావుల శకటు. అప్పటి నుంచి మా ఇంట్లో "నల్లగడి శకటు", "తెల్లగడి శకటు" అని గడిని చేర్చి అంటున్నాం. చిన్న మాటే కానీ, తెలుగులో చదరంగం రాసేవారు, చెప్పేవారు ఈ తేడా పాటిస్తే కొత్తవారికి ఎంతో మేలు.

ఇక నాకు ఎంతో ఇష్టమైన మాట ఆటకట్టు. పావులను మనం చంపుతాం, కొడతాం, పిల్లలైతే తినేస్తారు. రాజును మాత్రం ఎవరూ చంపరు. కొత్తగా ఆడేవారు రాజును కూడా బల్ల మీది నుంచి తీసేయబోతారు. మొదటి వారంలో నేనూ ఆ పనే చేశాను. చెక్‌మేట్ అన్న మాట వారికి ఏ సాయమూ చేయదు. దాని వెనుకనున్న షా మాత్‌కు అర్థం రాజు చనిపోయాడని కొందరు, దిక్కుతోచక నిలిచిపోయాడని మరికొందరు చెబుతారు. ఆటను చూస్తే రెండవదే నాకు సరి అనిపిస్తుంది. మన "కట్టు" ఆ సంగతిని సూటిగా చెబుతుంది. దాడిలో ఉన్న రాజుకు తప్పుకునే గడి లేదు, అడ్డుపెట్టే పావు లేదు, దాడి చేసినదాన్ని కొట్టే వీలూ లేదు. అన్ని వైపులా కట్టేశారు. దొంగల ఆట కట్టించారని పత్రికలు రాసేటప్పుడు కూడా ఈ బిగింపే కనబడుతుంది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. రాజు మీద దాడి లేదు, కానీ కదపడానికి నియమం ఒప్పే ఎత్తు ఒక్కటీ లేదు అనుకోండి. ఇంగ్లీషులో స్టేల్‌మేట్ అంటారు, నేటి నియమాల ప్రకారం ఆట సమం. ఇక్కడా కదలికలన్నీ కట్టుబడినవే, కానీ గెలుపు లేదు. మంత్రి, రాజు మిగిలిన గెలిచే ఆటను నేను మా అబ్బాయి మీద మూడుసార్లు ఇలా చేజార్చుకున్నాను. మూడవసారి వాడు "ఆటకట్టు కాలేదు నాన్నా" అంటే, "మరి ఏమైంది?" అన్న ప్రశ్నకు మా ఇద్దరి దగ్గరా తెలుగు మాట లేకపోయింది. పత్రికలు రాజకీయాలకు వాడే ప్రతిష్టంభన పదకొండేళ్ళ పిల్లవాడి నోట పలకదు.

చేర్పు: పై టపా చదివి ఒక సభ్యులు, హైదరాబాదులోని తమ ఇంట శకటును ఒంటె అనే పిలిచేవారని, ఉర్దూ తెలిసిన పొరుగువారితో ఆడడం వల్ల ఆ అలవాటు వచ్చిందని రాశారు, వారికి కృతజ్ఞతలు. మరొకరు, తమ తాతగారి ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేదని, నేనది రాయలేదని అన్నారు. నిజమే. దేశీయ పద్ధతిలో రెండు గళ్ళ మొదటి అడుగు లేదు. బంటు ఏ పావు నిలువు వరుసలో చివరికి చేరితే ఆ పావుగానే మారేది. పంజాబు నుంచి వెళ్ళిన మీర్ సుల్తాన్ ఖాన్ ఇటువంటి పద్ధతిలో పెరిగి, పాశ్చాత్య నియమాలను తరువాత నేర్చుకుని, 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు.

ఆ తాతగారి వంటి పెద్దలు ఇంట్లో ఉన్నవారిని నేను కోరేది ఒక్కటే. దాడి లేకుండా రాజు చిక్కుబడిన ఆటను వారు ఏమనేవారో దయచేసి అడిగి, ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి. ఈ ఆదివారం మళ్ళీ బల్ల పరిచేలోగా తెలిస్తే మా అబ్బాయికి చెబుతాను.