అమెరికా వలసల ఇనుము, పొగాకు: బ్రిటన్ వేసుకున్న లెక్క ఏమిటి?

ప్రశ్న: అమెరికాలో తన ఏలుబడిలోని వలసల నుంచి వచ్చే ముడి ఇనుముపై సుంకం తీసివేసిన బ్రిటన్, అదే 1750 నాటి చట్టంతో అక్కడ కొత్తగా ఉక్కు కొలుములు పెట్టరాదని శాసించింది. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుందో ఎవరైనా వివరించగలరా?

మొదటి సమాధానం: పొంతన ఉందండి. ఎగుమతుల మిగులుతో దేశంలోకి చేరే వెండి బంగారాలే సంపద అని వాణిజ్యవాదులు నమ్మేవారు. ఇనుము కోసం స్వీడన్‌కు సొమ్ము చెల్లించే బదులు సొంత వలసల నుంచే తెప్పించుకుని, దానితో చేసిన మేకులు, గొడ్డళ్లు తిరిగి ఆ వలసలకే అమ్ముకోవాలన్నది వారి ఆలోచన. వలసవాసులే ఉక్కు చేసుకుంటే ఆ బేరం చెడుతుంది.

రెండవ సమాధానం: అయితే భారమంతా వలసలదే అనుకోకూడదు. వర్జీనియా పొగాకును ఇంగ్లండుకు, దాని ఏలుబడిలోని ప్రాంతాలకు తప్ప నేరుగా మరెక్కడికీ పంపరాదని 1660 చట్టం కట్టడి చేసిన మాట నిజమే కానీ, ఇంగ్లండు రైతులు పొగాకు పండించడాన్ని కూడా ప్రభుత్వం నిషేధించి, గ్లౌస్టర్‌షైర్‌లో పైరును నాశనం చేయడానికి ఏకంగా సైనికులనే పంపింది. ఆ పొలాల వారికి ఏ సామ్రాజ్య లాభం దక్కిందో!

మూడవ సమాధానం: చట్టాలు ఎంతవరకు అమలయ్యాయన్నదీ చూడాలి. కరీబియన్‌లోని ఫ్రెంచి దీవుల మొలాసిస్‌పై, అంటే రమ్ము తయారుచేసే చెరకు మడ్డిపై, 1733లో గాలనుకు 6 పెన్నీల సుంకం విధిస్తే, అమెరికాలోని న్యూ ఇంగ్లండు వలసల రమ్ము తయారీదారులు దాన్ని దొంగచాటుగా తెప్పించుకున్నారు. 1764లో సుంకాన్ని సగానికి తగ్గించి వసూలును బిగించడంతోనే బ్రిటన్‌కూ వలసలకూ మధ్య అసలు గొడవ ముదిరింది.