బుడాపెస్ట్ ఒప్పందంలో భారత్ ఎందుకు చేరలేదు?

ప్రశ్న: సైబర్ నేరాలపై 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో బ్రెజిల్ 2022లో చేరింది, భారత్ చేరలేదు. కారణమేమిటో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1: ఐరోపా మండలి రూపొందించిన ఆ ముసాయిదాలో మనకు పాత్ర లేదు. పైగా, సమాచారం నిల్వ ఉన్న దేశాన్ని అడగకుండానే, దానిని వెల్లడించే అధికారం గలవారి సమ్మతితో మరో దేశం తీసుకోవడానికి వీలిచ్చే 32వ అధికరణం సార్వభౌమత్వానికి భంగమన్న అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు.

జవాబు 2: మరి బాధితుల మాటేమిటి? కంబోడియాలోని మోసాల కేంద్రాల్లో మన తెలుగు యువకులను నిర్బంధించి, వారిచేతనే ఇక్కడివారికి వల వేయించారు. డబ్బు గంటల్లో ఖాతాలు దాటిపోతుంది. సమాచారం కోరుతూ దౌత్య మార్గంలో వెళ్లే అభ్యర్థనకు నెలలు పడుతుంది.

జవాబు 3: అందుకే 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సైబర్ నేరాల ఒప్పందం, అందులో చేరిన ప్రతి దేశమూ 24 గంటలూ అందుబాటులో ఉండే సంప్రదింపు కేంద్రాన్ని నెలకొల్పాలంటోంది. అయితే 40 దేశాలు ధ్రువీకరిస్తేనే అది అమల్లోకి వస్తుంది.