జంపింగ్ స్పైడర్ డబ్బాకి మూత పైన ఉంటే ఇబ్బందేనా?

చిట్టికళ్ళు: రీగల్ జంపింగ్ స్పైడర్ (ఎగిరి దూకే ఒక రకం సాలీడు) పిల్లని పెంచుతున్నాను. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, మూత పైన. సరిగ్గా ఆ మూత అంచుకే గూడు అల్లుకుంది. మేత వేద్దామని మూత తీసిన ప్రతిసారీ గూడు చిరుగుతోంది. మళ్ళీ అల్లుకుంటోంది, పాపం. ఏం చేయమంటారు?

ఎనిమిదికాళ్ళు: వాటికి ఎప్పుడూ ఎత్తే కావాలండి. పడుకోవాలన్నా, కుబుసం విడవాలన్నా పైమూలకే పోతాయి. అందుకే తలుపు ముందువైపో, కిందో ఉండాలి. కొత్తది కొనక్కర్లేదు, ఉన్న డబ్బానే తిరగేయండి, మూత అడుగైపోతుంది. గాలికి ఒక పక్క కిందగా, ఎదురు పక్క పైగా సన్నని రంధ్రాలు పెట్టండి. సాలీడు దూరలేనంత సన్నగా ఉండాలి సుమా. మేత వేయడానికి పక్కన ఇంకొక కన్నం పెట్టి స్పాంజి ముక్కతో మూసేస్తే రోజూ డబ్బా తెరిచే పనే ఉండదు. ఇదంతా సాలీడుని వేరే డబ్బాలోకి మార్చాకే చేయండి.

మంచుబొట్టు: ఆగండాగండి, తిరగేసే ముందు గూడు చూసుకోండి. తిండి మానేసి, గూడు తెల్లగా దళసరిగా అల్లుకుని లోపలే ఉంటే కుబుసం విడవబోతోందన్నమాట. అప్పుడు కదపొద్దు. కొన్ని రోజులు పట్టొచ్చు, పెద్దవాటికి వారాలు కూడా. మేతకి వేసిన కీచురాళ్ళు లోపల ఉంటే మాత్రం తీసేయండి, కదలలేని సాలీడుని కొరికేస్తాయి.

చిట్టికళ్ళు: పలచగానే ఉందండి, నిన్న ఈగని కూడా పట్టింది. నీళ్ళ గిన్నె పెట్టాలా?

మంచుబొట్టు: అక్కర్లేదు. ఒక గోడ మీద సన్నగా స్ప్రే చేయండి, గూటి మీద పడకూడదు. చుక్క దగ్గరికొచ్చి నోరు ఆనించి అలాగే ఉండిపోతుంది. చూస్తుండగానే చుక్క చిన్నదైపోతుంది. నాకు అంతకంటే ముచ్చటైన దృశ్యం లేదు. గోడలు మాత్రం తర్వాతి స్ప్రేలోపు ఆరిపోవాలి, లేకపోతే బూజు పడుతుంది.

వెలుగుదారి: వెలుతురు మర్చిపోకండి. ఇవి కంటిచూపుతో వేటాడే పగటి జీవులు, రోజుకి 10–12 గంటలు వెలుతురు కావాలి. నేరుగా ఎండలో మాత్రం పెట్టొద్దు, మూసిన డబ్బా చాలా త్వరగా వేడెక్కిపోతుంది. ఆ గదిలో దోమల మందు, పురుగుల స్ప్రే అసలు వద్దు. పెద్దయ్యాక డబ్బా అడుగుభాగం 10×10 సెం.మీ., ఎత్తు 15–20 సెం.మీ. ఉంటే హాయిగా తిరుగుతుంది. నేనైతే మొదటి నుంచీ అందులోనే ఉంచమంటాను.

ఎనిమిదికాళ్ళు: పిల్లకి అంత పెద్దది వద్దండి. చిన్న ఈగలు ఎక్కడో మూలకి పోతే దానికి దొరకవు, అది తిన్నదో లేదో మనకీ తెలియదు. ఒంటితో పాటు డబ్బా పెంచుకుంటూ పోవడమే మేలు.

చిట్టికళ్ళు: సరేనండి, చిన్నదే ఉంచుతాను. తిరగేస్తే అడుగున మట్టి వేయొచ్చా?

ఎనిమిదికాళ్ళు: మూత తీయగానే మట్టంతా కింద పోతుంది. టిష్యూ పేపర్ మడిచి వేయండి, మురికైతే మార్చేయొచ్చు. పుల్లలు, ప్లాస్టిక్ ఆకులు పైసగంలో గోడలకి అంటించండి. గూటికి ఆసరా అక్కడే వెతుక్కుంటుంది.