ఫుల్కారీ కుర్తా మీద పిల్ల పేరు కుట్టించవచ్చా?

లూధియానా_తెలుగువాడు (చర్చ ప్రారంభం)

నేను పదకొండేళ్లుగా లూధియానాలో నూలు వ్యాపారం చేస్తున్నాను. నా భార్యది పాటియాలా. వచ్చే జనవరి 13న మా అమ్మాయికి మొదటి లోహ్రీ, మన భోగి లాంటి మంటల పండుగ. బిడ్డ పుట్టాక వచ్చే తొలి లోహ్రీని పంజాబీ ఇళ్లలో ప్రత్యేకంగా జరుపుతారు, నానకే వాళ్లు, అంటే తల్లి పుట్టింటివారు, బిడ్డకు కొత్త బట్టలు పెడతారు. మా అత్తగారు ఇటుక రంగు ఖద్దరు మీద పట్టు దారంతో స్వయంగా ఫుల్కారీ, అంటే పంజాబీ పూల కుట్టుపని, చేసి చిన్న కుర్తా, దానికి జతగా పాటియాలా సల్వారు సిద్ధం చేశారు. మా బావమరిది ఆ కుర్తా ఛాతీ మీద బంగారు రంగు దారంతో ‘సిమ్రన్’ అని గురుముఖిలో, అంటే పంజాబీ లిపిలో, మెషీన్ మీద కుట్టిద్దామంటున్నాడు. అత్తగారు ససేమిరా అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట సబబని మీకు తోస్తుంది? నా మటుకు నాకు పేరు ఉంటే ముచ్చటగానే ఉంటుందనిపిస్తోంది.

తిరగవైపు_సూది

మీ అత్తగారి మాటే సబబు. ఇది పాత, కొత్తల తగాదా అనుకోకండి, కుట్టు తీరుకు సంబంధించిన విషయం. ఫుల్కారీని బట్ట తిరగవైపు నుంచి కుడతారు. సాధారణంగా బట్ట మీద ముందుగా గీత గీయరు. ఖద్దరులోని పోగులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ, పురి పెట్టని పట్టు దారాన్ని సూదితో ఎత్తుతూ పోతారు, పువ్వు అవతలివైపు తేలుతుంది. ఒకే రంగు దారాన్ని ఒకచోట నిలువుగా, మరోచోట అడ్డంగా కుట్టడం వల్ల వెలుగు పడినప్పుడు అది రెండు ఛాయలుగా మెరుస్తుంది. పోగుల లెక్క మీద నడిచే పని కాబట్టి అందులో గళ్లు, ముక్కోణాలు, మెట్లు చక్కగా వస్తాయి, వంపులు తిరిగే అక్షరాలు రావు. మెషీన్ అక్షరమేమో దట్టంగా, ఉబ్బెత్తుగా, జిగేలుమంటూ పడుతుంది. రెండూ పక్కపక్కన ఉంటే చూపు ముందు అక్షరాల మీదికే పోతుంది, మీ అత్తగారి చేతిపని వాటికి అంచుగా మిగులుతుంది.

ఇంకొక మాట. ఫుల్కారీలో పేరు లేకపోయినా మనిషి గుర్తు ఉంటుంది. కొందరు కుట్టే స్త్రీలు ఒక మూల వేరే రంగు దారంతో చిన్న బూటీ (పువ్వు) వేసి, వరుస తప్పినట్లు వదిలేస్తారు. దాన్ని నజర్ బూటీ అంటారు. మన పిల్లల బుగ్గన పెట్టే దిష్టి చుక్క లాంటిదే. మీ కుర్తాను తిరగేసి వెతకండి, ఎక్కడో ఒకచోట కనిపించవచ్చు.

దారపు_కండె

నేను హైదరాబాదులో మెషీన్ ఎంబ్రాయిడరీకి డిజైన్లు తయారుచేసేవాణ్ణి కాబట్టి ఎదుటి పక్షం కూడా చెప్పాలి. ఫుల్కారీ ఏనాడూ ఒకే తీరులో ఆగిపోయిన పని కాదు. పంజాబు మాళ్వా ప్రాంతపు సైంచీ ఫుల్కారీలో బొమ్మల అంచులను ముందుగా నల్ల సిరాతో గీసుకునే కుట్టేవారు. చరఖా తిప్పే స్త్రీలు, కుస్తీ పట్టే మల్లులు, ఆవులు, నెమళ్లు అందులో ఉండేవి. ఊరికి రైలు వచ్చాక రైలుబండి కూడా చేరింది. రైలుకు చోటిచ్చిన బట్ట పసిపిల్ల పేరుకు ఇవ్వకూడదంటే నాకు ఒప్పుదల కావడం లేదు. మన ఇళ్లలో పెళ్లికి, బారసాలకు ఇచ్చే స్టీలు గిన్నెల మీద ఇచ్చినవారి పేరు, తేదీ కొట్టించుకోవడం లేదా? ఆ గిన్నెలో వండిన పులుసుకు రుచి తగ్గిందని ఎవరూ అనలేదు.

తిరగవైపు_సూది

గిన్నె ముప్పై ఏళ్లు ఇంట్లో ఉంటుంది, కండె గారూ. ఏడాది లోపు పిల్ల కుర్తా ఆరు నెలలకే బిగుతైపోతుంది. ఆ తరువాత అది చెల్లెలికో, పిన్ని కూతురికో చేరాలి. పురిటి బిడ్డకు ఇంట్లో పెద్దపిల్లల పాత బట్టలే ముందు తొడగాలని మన అమ్మమ్మలు పట్టుబట్టేవారు, అందులో శాస్త్రం సంగతి ఎలా ఉన్నా, పదిసార్లు ఉతికిన బట్ట మెత్తగా ఉంటుందన్నది నిజం. ఛాతీ మీద ఒకరి పేరున్న బట్టను రెండో పిల్లకు ఎలా తొడుగుతారు? విప్పేద్దామంటే మెషీన్ కుట్టు పోయినచోట ఖద్దరు మీద సూది రంధ్రాలు వరుసగా మిగిలిపోతాయి.

అత్తాపూర్_పొరుగు

మా ఇంటికి దగ్గరలోనే సిఖ్ ఛావనీ ఉంది. 1832లో మహారాజా రంజిత్ సింగ్ నిజాముకు పంపిన సైనికుల సంతతి ఇక్కడ స్థిరపడి, తెలుగు మనలాగే మాట్లాడతారు. వారి ఇళ్లలో విన్న దాన్నిబట్టి, పేరు వేయాలా వద్దా అనే దానికంటే ఏ పేరు, ఏ బట్ట మీద అనేది పెద్ద ప్రశ్న. సిక్కు కుటుంబాల్లో గురుగ్రంథ సాహిబును తెరిచి, అక్కడ వచ్చిన పద్యం (హుకుంనామా) మొదటి అక్షరంతో బిడ్డకు పేరు పెడతారు. చాలా పేర్లలో గురు, హర్ అనే మాటలు ఉంటాయి, సిమ్రన్ అన్నా నామస్మరణే. అలాంటి పేరును కుర్తా మీద వేస్తే కొందరు ఊరుకోవచ్చు గానీ, సల్వారు కాలి అంచు మీదా, జరీ జుత్తీ (పంజాబీ చెప్పులు) మీదా వేస్తే పెద్దలు తప్పకుండా నొచ్చుకుంటారు. వెంకటేశ్వర అన్న పేరు చెప్పుల మీద రాయించుకుంటామా? ‘ఇక్ ఓంకార్’ (దేవుడొక్కడే) అనే సిక్కుల గుర్తును పసివాళ్ల బట్టల మీద వేయించేవారు కూడా ఆ బట్ట ఎక్కడెక్కడ నేలకు తగులుతుందో ఒకసారి తలచుకోవాలి.

రెండో సంగతి లిపి. గురుముఖిలో హ్రస్వ ‘ఇ’ గుర్తును సిహారీ అంటారు, పలికేటప్పుడు హల్లు తరువాత వచ్చినా రాసేటప్పుడు హల్లుకు ముందే నిలబడుతుంది. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లకు ఈ సంగతి తెలియదు, టైపు చేసిన వరుసలోనే గుర్తును పడేస్తాయి. అప్పుడు సిహారీ ‘స’ తరువాత, ‘మ’కు ముందు పడి, ‘సిమ్రన్’ కాస్తా ‘సమిరన్’ అయి కూర్చుంటుంది. నా మిత్రుడొకరికి సరిగ్గా ఇలాగే జరిగింది. పిల్ల తాతగారు పేరు పైకి చదివేదాకా ఎవరూ గమనించలేదు.

దారపు_కండె

ఆ తప్పు మా పనిలో జరుగుతుంది, ఒప్పుకుంటాను. విడి అక్షరాలుగా టైపు చేయకుండా, గురుముఖి చదవగలిగినవారి చేత పేరు రాయించి, ఆ బొమ్మ మీదుగా డిజైన్ గీస్తే రాదు. కుట్టే ముందు పాత గుడ్డ మీద ఒకసారి వేయించి చూడమనండి.

ఇద్దరు_పిల్లల_తల్లి

అందం గురించే అందరూ మాట్లాడుతున్నారు. మెషీన్ కుట్టు వెనక గట్టి కాగితపు బ్యాకింగ్ ఉంటుంది, దారపు ముడులుంటాయి. మా బాబు ఛాతీ మీద ఎర్రగా ఒరుసుకుపోతే రెండు రోజులు కారణం తెలియలేదు, చొక్కా తిరగేస్తే తెలిసింది. లోపల మెత్తటి అస్తరు వేయించకుండా పసిపిల్లకు తొడగకండి. నడక వచ్చిన పిల్లలకైతే నాకు ఇంకో భయం ఉంది. జాతరలో, రైల్వే స్టేషన్లో ఛాతీ మీద పేరుంటే ముక్కూమొహం తెలియనివాడు కూడా పేరు పెట్టి పిలవగలడు, పేరు పెట్టి పిలిచినవారిని పిల్లలు అయినవాళ్లే అనుకుంటారు.

లూధియానా_తెలుగువాడు

అందరికీ కృతజ్ఞతలు. తిరగవైపు_సూది గారు చెప్పినట్లు కుర్తాను తిరగేసి చూశాను. ఎడమ చేతి అంచు దగ్గర, పసుపు పువ్వుల వరుసలో ఒక్క రేక ఊదా రంగులో ఉంది. ఇన్నాళ్లూ దారం అయిపోయి వేసిన అతుకు అనుకున్నాను. అత్తగారిని అడిగితే, ‘‘పేరు మీరు పెట్టారు, గుర్తు నేను పెట్టాను’’ అన్నారు. ఛాతీ మీద పేరు మాట ఆ తరువాత నేను ఎత్తలేదు.

చివరికి ఆవిడే ఒక దారి చూపించారు. కుర్తా ఘేరా (కింది అంచు) మడత లోపలివైపు, ఒంటికి తగలనిచోట, తెల్ల నూలు దారంతో వదులు కుట్టుగా పేరు చేత్తో వేశారు, దారం కొస లాగితే మొత్తం ఊడి వస్తుంది. ఆ పక్కనే ఇంకో పేరుకు సరిపడా చోటు వదిలారు, ఎందుకని నా భార్య అడిగితే నవ్వారు. బావమరిది మాత్రం తన ముచ్చట వదులుకోలేదు. పిల్ల కప్పుకునే దుప్పటి మూల మీద బంగారు అక్షరాలు వేయించాడు. పాత గుడ్డ మీద ముందు వేయించి చూశాం, సిహారీ మొదటిసారి తప్పుచోటే పడింది.